తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

కిందటి ఏడాది ఒక పెళ్లికని తుంబలహళ్లి వెళ్లాను. ధర్మపురి జిల్లా తెలిసిన వాళ్లు ఆ ఊరి పేరు అక్కడి ఆనకట్ట వల్ల విని ఉంటారు. పేరు చివర కన్నడపు 'హళ్లి', బస్సు మీద తమిళ అక్షరాలు, పెళ్లింట్లో తెలుగు మాటలు. మన వైపు ఊళ్లు చాలావరకు ఇంతే. మూడు భాషలూ ఒకే వీధి కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడతాయి.

ముహూర్తం తెల్లవారుజామునే అయిపోయింది. భోజనాలకు ఇంకా పొద్దుంది. పక్కింటి అరుగు మీద చోటు దొరికితే కూర్చున్నాను. అక్కడ నాలుగో తరగతి చదివే పిల్లవాడొకడు పలచటి బొమ్మల పుస్తకం పట్టుకుని వాళ్ల అవ్వకు కథ చెబుతున్నాడు. కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. పుస్తకం తమిళం, వాడి నోట వస్తున్న కథ తెలుగు. ఒక వాక్యం కళ్లతో చదువుకుంటాడు, తల ఎత్తి అవ్వ మొహం చూస్తాడు, తెలుగులో చెబుతాడు. ఒకచోట మాట అందలేదు. "ఆమైని మనం ఏమంటామవ్వా?" అన్నాడు. "తాబేలు" అంది ఆమె. "ఆ, తాబేలు" అని కథ సాగించాడు.

"పాఠమా నాయనా?" అని అడిగాను.

"కాదు తాతా, లైబ్రరీ బుక్కు. సోమవారం తిరిగి ఇయ్యాల" అన్నాడు.

ఆ మాటలో బెదురు లేదు. ఇచ్చేవాణ్ణి నేనే అన్న పెద్దరికం ఉంది. ముప్పయ్యేళ్లకు పైగా ఎలిమెంటరీ బళ్లలో పంతులుగా ఉండి రిటైరైన నాకు, ఆ అరుగు మీద రెండు సంగతులు కలిసి వచ్చాయి. ఒకటి సంతోషం, రెండోది సిగ్గు. రెండింటికీ కారణం చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎలిమెంటరీ బడి పిల్లలు గ్రంథాలయంలో ఏం నేర్చుకుంటారు? ఈ ప్రశ్న వేస్తే మనం వెంటనే చెప్పే జవాబులు కొన్ని ఉన్నాయి: చదవడం ధారాళమవుతుంది, మాటలు తెలుస్తాయి, లోకజ్ఞానం పెరుగుతుంది. ఇవి అబద్ధాలు కావు. అయితే ఇవన్నీ మంచి పంతులు చేతిలో పాఠ్యపుస్తకం కూడా నేర్పగలదు. గ్రంథాలయం ఒక్కటే నేర్పేది వేరే ఉంది.

బడిలో పిల్లవాడి చుట్టూ ఉన్న వస్తువులు చూడండి. పలక వాడిది. పాఠ్యపుస్తకం ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది, అదీ వాడిదే. సుద్దముక్క, బెత్తం పంతులువి. మధ్యాహ్నం పెట్టిన గుడ్డు తినేస్తే అయిపోయింది. అంటే ప్రతి వస్తువూ నాదైనా కావాలి, పరాయిదైనా కావాలి. గ్రంథాలయం పుస్తకం ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. ఇంటికి తీసుకుపోవచ్చు, దిండు కింద పెట్టుకుని పడుకోవచ్చు, కాని సోమవారం తిరిగి ఇయ్యాలి. నాకు ముందు ఎవరో చదివారు, అట్ట మీద నూనె మరక ఉంది. నా తరువాత ఇంకెవరో చదువుతారు, వాళ్లకు చిరగని పేజీలు అందాలి. కనపడని ఆ ఇద్దరి మధ్య తాను ఒక వారం రోజుల పాటు ధర్మకర్తనన్న సంగతి ఏడెనిమిదేళ్ల పిల్లకు తెలిసే చోటు నాకు తెలిసి బడిలో మరొకటి లేదు. నీతి శతకాలు బట్టీ వేయించినా ఈ సంగతి ఇంత బాగా పట్టుబడదు.

ఇంకొకటి కూడా ఉంది. బడిలో పిల్లను "నీకేది కావాలి?" అని అడిగేవాళ్లు ఎవరు? ఏ పాఠం చదవాలో మనమే చెబుతాం, ఎన్ని లెక్కలు చెయ్యాలో, ఎక్కడ కూర్చోవాలో మనమే చెబుతాం. పుస్తకాల అర ముందు మాత్రం పిల్ల తానే ఎంచుకోవాలి. చిన్నపిల్లలు ఎంచుకునే తీరు చూసి తీరాలి. ముందు బొమ్మ చూస్తారు. తరువాత లావు చూస్తారు. కొందరు వాసన చూస్తారు. ఒకటి తీసి, పక్కవాడి చేతిలో ఉన్నది చూసి, తనది పెట్టేసి వాడిది లాగుతారు. చివరికి తీసుకున్నది బాగుండకపోతే "ఇది బాగలేదు సార్" అని తెచ్చి ఇస్తారు. పాఠ్యపుస్తకాన్ని బాగలేదని చెప్పే హక్కు ఏ పిల్లకైనా ఉందా? అచ్చయినదంతా మంచిదే కానక్కర్లేదని, తన రుచికి కూడా ఒక విలువ ఉందని అక్కడే తెలుస్తుంది.

ఇంత చెబుతున్న నేను రెండేళ్లు ఏం చేశానో కూడా చెప్పాలి.

1986 జాతీయ విద్యావిధానం వచ్చాక, 1987లో 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' అనే పథకం మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధన సామగ్రి, వాటితోపాటు కొన్ని పుస్తకాలు అందాలన్నది దాని ఉద్దేశం. కృష్ణగిరి అప్పటికి ఇంకా వేరు జిల్లా కాలేదు, అది 2004లో జరిగింది. ధర్మపురి జిల్లా సరిహద్దు పల్లెలో తెలుగు, తమిళం రెండూ నడిచే ఒక చిన్న బడిలో నేను పని చేస్తున్నాను. బడి పేరు చెప్పను, తప్పు బడిది కాదు గనక. ఒకరోజు మాకూ పెట్టె వచ్చింది. గ్లోబు, తక్కెడ, పటాలు, అడుగున పుస్తకాలు. వాటిలో తెలుగువి కొన్ని.

పుస్తకాలన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కించాను. పేరు, ధర, వచ్చిన తేదీ రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టిన క్షణం నుంచి అవి నాకు పుస్తకాలుగా కనిపించడం మానేశాయి, బాకీలుగా కనిపించసాగాయి. ఒకటి పోతే జవాబు చెప్పుకోవలసింది నేను, జీతంలో కోత పడేది నాకు. బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులో, బీరువా నా కుర్చీ వెనక. పిల్లలు అద్దం లోంచి చూసేవాళ్లు. అట్టల మీద ఏనుగు బొమ్మ, నెమలి బొమ్మ కనిపించేవి. రెండేళ్లు అట్లాగే గడిచాయి.

ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం బీరువా తెరిచేవాణ్ణి. పొద్దున్నే తలా ఒక పుస్తకం ఇచ్చి వరుసగా కూర్చోబెట్టేవాణ్ణి. "అయ్యగారు అడిగితే రోజూ చదువుతామని చెప్పండి" అని నేర్పేవాణ్ణి. వాళ్లు చక్కగా అట్లాగే చెప్పారు. అయ్యగారి జీపు కదలగానే పుస్తకాలు తిరిగి తీసుకుని తాళం వేశాను. ఒక చిన్నది నెమలి పుస్తకాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకున్నాను.

ఆ రోజు పిల్లలు గ్రంథాలయంలో ఏం నేర్చుకున్నారు? చదవడం మాత్రం కాదు. పుస్తకం అనేది చూపించడానికి ఉంటుందని, పెద్దవాళ్ల ఎదుట అబద్ధం చెప్పడం కూడా బడి పనుల్లో ఒకటని నేర్చుకున్నారు. నేర్పింది నేను. పుస్తకాలు ఒక్కటి కూడా పోలేదు, రిజిస్టరు సరిగ్గా ఉంది. రికార్డుల ప్రకారం నేను నిప్పులాంటి మనిషిని.

మూడో ఏడు బీరువా తెరిచాను. గొప్ప మనసు మార్పేమీ కాదు. వానకు గోడ చెమ్మ పట్టి కింది అరలో రెండు పుస్తకాలకు చెదలు వచ్చాయి. పిల్లలకు భయపడి దాచినవి చెదపురుగులకు వెళ్లాయి. దాంతో కొంచెం బుద్ధి వచ్చింది. ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి, ఎవరు తీసుకుంటే వాళ్లే పేరు రాసుకోవాలని చెప్పాను. సంతకం కాదు, పేరు. మూడో తరగతి పిల్లకు తన పేరు తాను ఒక లెక్క పుస్తకంలో రాసుకోవడం ఎంత పెద్ద సంగతో అప్పుడు చూశాను.

వేళ్లు విడదీసి తీసుకున్న చిన్నదే మొదట వచ్చి నెమలి పుస్తకం తీసుకుంది. తెలుగు పుస్తకం. వారమైంది, రెండు వారాలైంది, తిరిగి తేలేదు. అడిగితే తల వంచుకునేది. మూడో వారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. దొంగను పట్టుకోవడానికే వెళ్లానని ఒప్పుకోవాలి. వాకిట్లోనే తల్లి కనిపించి, సంగతేమిటో వినకముందే "తప్పయిపొయ్యింది సార్" అని చేతులు జోడించింది. పేదవాళ్లకు మన అడుగుల చప్పుడు అట్లా వినబడుతుంది. లోపల ముసలామె మంచం మీద పడుకుని ఉంది, చిన్నది పక్కన కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్లో ఉంది.

"ఎందుకు తేలేదమ్మా?" అన్నాను.

"ఇంగా ముగీలేదు సార్. అవ్వ దినామూ నిద్రపోతా ఉంది" అంది.

రోజూ రాత్రి కథ మొదలుపెడుతుంది. నాలుగో పేజీకి అవ్వ గురక పెడుతుంది. మర్నాడు అవ్వ "మళ్లీ మొదట్నించి చెప్పు" అంటుంది. అందుకని మూడు వారాలైనా కథ ముగియలేదు. నాకు నవ్వు వచ్చింది, దాని వెనకే గొంతు పట్టుకుంది. పుస్తకం అక్కడే వదిలి వచ్చాను. ఇంకో పదిరోజులకు తానే తెచ్చి ఇచ్చింది. మూలలు మడతలు పడ్డాయి. లోపల ఒక పేజీ మీద వక్కాకు మరక ఉంది.

అన్ని కథలూ ఇంత ముద్దుగా ముగియలేదు. ఒక పిల్లవాడు తీసుకున్న పుస్తకాన్ని వాళ్ల నాన్న పాత కాగితాలతో కలిపి అమ్మేశాడు. ఇంకొకటి వానలో నాని ఉబ్బిపోయి వచ్చింది. ఆ డబ్బు నేను కట్టాను. ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. "ఇది ప్రజల సొమ్ము. ఈ ఏటి పిల్లలు చింపేస్తే వచ్చే ఏటి పిల్లలకు ఏముంటుంది? తాళం వేయడం బాధ్యత కాదా?" అని ఒక తోటి పంతులు అడిగాడు. అతను చెడ్డవాడు కాడు. ప్రశ్నా చెడ్డది కాదు.

నా జవాబు ఇది. పుస్తకం పోవడం నష్టం. పిల్లను నమ్మకపోవడం తప్పు. మనం చాలాకాలంగా ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేసి తూస్తున్నాం. నష్టానికి విరుగుడు ఉంది, కొత్తది కొనవచ్చు, ఉన్నదానికి అట్ట వేసి కుట్టవచ్చు. నమ్మకపోవడానికి విరుగుడు లేదు. పిల్ల ఏడేళ్ల వయసులో అద్దం అవతల నుంచి చూసిన పుస్తకం పదిహేనేళ్ల వయసులో చేతికిచ్చినా చేతికి అంటదు. పైగా తిరిగి ఇవ్వడం నేర్వాలంటే ముందు చేతికి రావాలి. ఇవ్వకుండానే నిజాయితీ నేర్పుతామనడం నీళ్లలోకి దించకుండా ఈత నేర్పుతామన్నట్టే. అయితే ఎవరేం తీసుకుపోయినా అడగకూడదని నేను అనడం లేదు. అడగాలి, పేరు రాయించాలి, చింపితే చేత అంటించాలి. నమ్మి అడగడం వేరు, దొంగను చూసినట్టు చూసి అడగడం వేరు. ఆ సాయంత్రం నేను వేసిన అడుగులు రెండో రకం.

ఈ మాటలు నేను కనిపెట్టినవి కావు. 1892లో శీర్కాళిలో పుట్టి, లెక్కల పంతులుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. పుస్తకం ఉన్నది వాడకానికేనన్నది మొదటిది. వినడానికి ఇంత చిన్న మాట ఎందుకు చెప్పవలసి వచ్చింది? మధ్యయుగాల్లో ఐరోపాలో పుస్తకాలను అరలకు ఇనుప గొలుసులతో కట్టి ఉంచేవారు. గొలుసులు పోయాయి గాని గొలుసు బుద్ధి పోలేదు. అదే 1931లో తంజావూరు వైపు మన్నార్గుడి పల్లెలకు ఎద్దుబండి మీద పుస్తకాలు వెళ్లాయి. నాలుగేళ్లకు, 1935లో, గుంటూరు జిల్లా పెదవడ్లపూడి దగ్గర పాతూరి నాగభూషణం గారి పూనికతో కాలువ మీద పడవలో పుస్తకాలు వెళ్లాయి. అక్కడ ఎద్దులు, ఇక్కడ పడవ. తమిళుడూ తెలుగువాడూ ఒకే కాలంలో ఒకే పని చేశారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే అతని దగ్గరికి పోవాలనుకున్నారు. బండి బోల్తా పడుతుందని, పడవ మునుగుతుందని వాళ్లకు తెలియదా? నష్టానికి సిద్ధపడ్డారు గనకనే గ్రంథాలయోద్యమం అయింది. 1948లో మద్రాసు రాష్ట్రం గ్రంథాలయ చట్టం చేసి పన్ను కూడా విధించి దారి చూపింది.

రంగనాథన్ గారి రెండో సూత్రం మనలాంటి వాళ్లకు మరీ దగ్గరిది. ప్రతి పాఠకునికీ అతని పుస్తకం దొరకాలన్నది దాని సారం. తుంబలహళ్లి అరుగు మీది పిల్లవాడికి అతని పుస్తకం ఏది?

రాజ్యాంగంలో 350ఎ అనే అధికరణం ఉంది. 1956లో చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలంది, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలని ప్రత్యేకంగా చెప్పింది. 2018-19 నుంచి సమగ్ర శిక్షా కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ నిధి కూడా పెట్టారు. అక్కడ కథల పుస్తకాలు అన్నారు సరే, ఏ భాష కథలు? ఆ సంగతి అరలో పుస్తకాలు సర్దేవాళ్లకే వదిలేశారు.

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యాస చట్టం చేసింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. దాని మీద వాదాలు, కోర్టులు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు అన్నం లాంటి అవసరం, దాన్ని కాదనే తెలుగువాడు ఇక్కడ బతకలేడు. 2023లో పాఠశాల విద్యాశాఖ 'వాసిప్పు ఇయక్కం' అని చదువు ఉద్యమం ఒకటి మొదలుపెట్టింది. పిల్లల మెట్టును బట్టి చిన్న చిన్న పుస్తకాలు వేశారు. ఆ మెట్లకు పెట్టిన పేర్లు నుళై, నడ, ఓడు, పఱ. అంటే లోపలికి రా, నడువు, పరుగెత్తు, ఎగురు. అంత చక్కటి పేర్లు పెట్టినవాళ్ల మీద నాకు ఫిర్యాదు ఏముంటుంది? నేను పంతులుగా ఉన్న రోజుల్లో అలాంటివి వచ్చి ఉంటే కళ్లకు అద్దుకునేవాణ్ణి.

అయినా ఆ అరుగు మీద నాకు సిగ్గు వేసింది. ఎందుకంటే పిల్లలు పుస్తకంలో ఉన్నది మాత్రమే చదవరు, పుస్తకాల అరను కూడా చదువుతారు. అక్కడ ఏ భాష ఉందో, ఏది లేదో గమనిస్తారు. లేనిదాన్ని గురించి ఎవరూ ఏమీ చెప్పరు గనక తామే ఒక అర్థం తీసుకుంటారు: అవ్వ మాట్లాడేది వట్టి మాట, పుస్తకంలో ఎక్కేది అసలు భాష. ఈ అర్థం తప్పని ఏ పాఠమూ వాళ్లకు చెప్పదు. అరలో రెండు తెలుగు పుస్తకాలు ఉంటే చాలు, చెప్పకుండానే తెలుస్తుంది. ముప్పయ్యేళ్ల కిందటి చిన్నది అవ్వకు తెలుగు పుస్తకం చదివి వినిపించింది. ఈనాటి పిల్లవాడు తమిళ పుస్తకాన్ని తెలుగు చేసి వినిపిస్తున్నాడు. చేస్తున్న పని ఈ పిల్లవాడిదే పెద్దది. వాడు రెండు భాషల మధ్య అంత చిన్న వయసులో వంతెన కడుతున్నాడు. కాని వాడి తరువాత వాడి మనవడికి 'తాబేలు' అందించే అవ్వ ఎవరు?

దీనికి ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇళ్లు చూసుకోవాలి. తెలుగు పిల్లల పత్రికలకు పెద్ద పుట్టిల్లు ఈ తమిళనాడే. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల' 1945లో మద్రాసులో వచ్చింది. 'చందమామ' 1947 జూలైలో అక్కడే, తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి పుట్టింది. అవి ఇప్పుడు లేవు, నిజమే. కాని ఆ పాత సంచికలు బైండు చేయించి అద్దాల బీరువాలో పెట్టుకున్న పెద్దమనుషులు నాకు తెలుసు. మనవళ్లు అడిగితే "చింపేస్తారు" అంటారు. తెలుగు సంఘం వాళ్ల గదిలో, తాళం వేసిన బీరువాలో, పసుపు రంగుకు తిరిగిన పిల్లల పుస్తకాలు చూశాను. భాష పోతోందని సభలో కంటతడి పెట్టినవారి జేబులోనే ఆ తాళంచెవి ఉంది. నేను రెండేళ్లు చేసిందే మనం అందరం కలిసి చేస్తున్నాం. భాషను కాపాడుతున్నామనుకుని, దాన్ని వాడేవాళ్ల నుంచి కాపాడుతున్నాం.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 'దివాస్వప్న'లో ఒక పంతులు, పిల్లలు తలా ఒక పాఠ్యపుస్తకం కొనే డబ్బును పోగుచేసి తరగతికి కథల పుస్తకాలు కొంటాడు. అంత సాహసం అక్కర్లేదు. ఒక గుడ్డసంచి, పది పుస్తకాలు, ఒక గీతల నోటుపుస్తకం చాలు. వారానికొకసారి వీధిలో ఏ అరుగు మీదో సంచి విప్పండి. బడి ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుంటే రెండు పుస్తకాలు వాళ్ల అరలో పెట్టించండి, చాలామంది ఒప్పుకుంటారు. అవ్వలు చెప్పే కథలు పిల్లల చేత రాయించండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లో రాయనివ్వండి, తరువాత దిద్దుకోవచ్చు. కొన్ని పుస్తకాలు పోతాయి. పోనివ్వండి.

పెళ్లి నుంచి వచ్చాక ఆ పిల్లవాడికి పెద్ద అక్షరాల తెలుగు కథల పుస్తకం ఒకటి, అక్షరమాల పటం ఒకటి బస్సు మీద పంపాను. వాడికి తెలుగు చదవడం రాదు, అవ్వకూ రాదు. వారం తరువాత వాళ్ల నాన్న ఫోను చేసి వాడికి ఇచ్చాడు. బొమ్మలు బాగున్నాయన్నాడు. తాబేలు ఇందులోనూ ఉందన్నాడు. తరువాత, "తాతా, ఇది ఎప్పుడు తిరిగి ఇయ్యాల?" అని అడిగాడు.

"చదవడం వచ్చినాక ఇయ్యి నాయనా" అన్నాను.

"సరే" అన్నాడు. గడువు పెట్టలేదు. నోటుపుస్తకంలో మాత్రం వాడి పేరు రాసుకున్నాను.